కూతురి వేషంలో దేవమ్మ

నిస్సీ గ్యాస్ బండకున్న రెగ్యులేటర్ ఊడదీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఈమధ్య డ్యూటీకి వెళ్ళేముందు రోజూ చేస్తున్న పనే. గుమ్మంలో నిలబడి చూస్తున్న తల్లి దేవమ్మకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. బందరులో ఆడపిల్లల హాస్టల్‌కు ఏళ్ళ తరబడి వండిపెట్టిన మనిషి ఆవిడ.

“ఫ్లాస్కులో కాఫీ ఉంది. హాట్‌బాక్సులో అన్నం, పులుసు ఉన్నాయి. తినేసి పడుకో. బయటికెళ్ళకు.”

“ఇవాళ గుడివాడలో మా నాటకం ఉందే. హమీద్ గారు అందర్నీ వ్యానులో తీసుకెళ్తారు.”

“ఈ వయసులో నాటకాలేంటమ్మా? దారిలో కళ్ళు తిరిగి పడితే? నర్సుని నేను, అలాంటివాళ్ళని రోజూ చూస్తున్నా.”

“పాలు పొయ్యి మీద పెట్టి నిద్రపోయింది ఒక్కసారే కదే! దానికి ఇన్నాళ్ళ శిక్షా?”

“ఎన్నాళ్ళైనా సరే!” వీధి తలుపు ధడాలున పడింది.

దేవమ్మ మంచం మీద కూర్చుంది, లేచింది, కిటికీ దాకా వెళ్ళింది, మళ్ళీ కూర్చుంది. చివరికి చీర మార్చుకుని, పక్కింటి ఇందిరకు చెప్పి వెళ్ళిపోయింది.

బస్సు కండక్టరుగా రిటైరైన అబ్దుల్ హమీద్ నడిపే ఆ బృందంలో అందరూ పెద్దవయసు వాళ్ళే. చూసేవాళ్ళూ అంతే. వాళ్ళ నాటకానికి ముగింపు ఉండదు. కథ నచ్చకపోతే ప్రేక్షకుల్లో ఎవరైనా “ఆపండి” అనొచ్చు. అన్నవాళ్ళు వేదికెక్కి, ఒక పాత్ర తీసుకుని, మిగతాది తమకు తోచినట్టు నడపాలి. ఆ రోజు కథ దేవమ్మ ఇంట్లోదే. తల్లి వేషం బృందంలోని జహీదాది, కూతురి వేషం దేవమ్మది.

గుడివాడలో హాలు నిండింది. దేవమ్మ రెగ్యులేటర్ ఊడదీసినట్టు నటించి, “కూర్చో. కదలకు. పడతావు!” అని జహీదా మీద గయ్యిమంటే జనం పగలబడి నవ్వారు.

“ఆపండి!”

గుమ్మంలో నిస్సీ. ఇందిర ఫోన్ చేసి చెప్పగానే సెలవు పెట్టి, యూనిఫాంతోనే వచ్చేసింది. “నలుగుర్లో నా పరువు తీస్తున్నావా అమ్మా? పద ఇంటికి!”

ఇదీ నాటకంలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. హమీద్ గారికి సంగతి అర్థమైంది. దగ్గరికొచ్చి మెల్లగా, “ఆపింది నువ్వే కదమ్మాయ్. కాసేపు ఆ కుర్చీలో కూర్చో. తర్వాత నువ్వెలాగంటే అలాగే” అన్నారు. జహీదా లేచి చోటిచ్చింది. అంతమంది చూస్తుంటే నిస్సీకి తప్పలేదు.

“కాఫీ పెట్టుకుంటా” అంది నిస్సీ, తల్లి వేషంలో, ముళ్ళ మీద కూర్చున్నట్టు.

“ఫ్లాస్కులో ఉందిగా” అంది దేవమ్మ.

“పక్కింటికెళ్ళొస్తా.”

“ఫోన్లో మాట్లాడుకో.”

“గుమ్మంలో కూర్చుంటా.”

“ఎండ.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. నిస్సీ కుర్చీలో అటూ ఇటూ కదిలింది. “మరి పొద్దస్తమానం నన్నేం చెయ్యమంటావ్?” గొంతులో నటన లేదు.

దేవమ్మ ఇన్నాళ్ళూ అడగాలనుకుని అడగలేకపోయిన ప్రశ్న అదే. ఇప్పుడు కూతురిగా జవాబు చెప్పాల్సింది తనే. దేవమ్మ నిస్సీలా ఆలోచించబోయింది. పాలు పొంగి మంట ఆరిపోయిన ఆ రోజు గుర్తొచ్చింది. తను కళ్ళు తెరిచేసరికి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. తన భుజాలు పట్టుకుని కుదుపుతున్న నిస్సీ చేతులు వణుకుతున్నాయి. అది కోపం అనుకుంది అప్పుడు.

“తలుపు తీయగానే గుప్పున గ్యాస్ వాసన” అంది దేవమ్మ నెమ్మదిగా. “నువ్వు మంచం మీద కదలకుండా ఉన్నావు. పిలిచాను. పలకలేదు. నువ్వు కళ్ళు తెరిచేదాకా... నేను నర్సునన్న సంగతే మర్చిపోయానమ్మా.”

నిస్సీ రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. దేవమ్మ నాటకం వదిలేసి కూతురి తల గుండెకు హత్తుకుంది.

“అంత భయపడ్డావా తల్లీ? ఒక్కసారైనా చెప్పలేదేమే?”

“చెప్పడం రాక అరిచానమ్మా. ఈ కుర్చీలో కాసేపటికే ఊపిరాడలేదు. నువ్వెలా ఉన్నావు ఇన్నాళ్ళూ?”

ప్రేక్షకుల్లో ముందు వరసలో కూర్చున్న యలమంద అనే తాత తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని చెయ్యెత్తాడు. “ఆపకండి. ఇద్దర్నీ అలాగే మాట్లాడుకోనివ్వండి.”