మాస్టారికి పెట్టే దణ్ణం

"ఈసారి ఎవరినీ పట్టుకోనక్కర్లేదు, డియోనెల్. పాఠం చెప్పాలి."

మనీలా ఆఫీసులో చీఫ్ ఆ మాట అనగానే ఏజెంట్ డియోనెల్ అబ్రెనికా నవ్వాడు. చీఫ్ నవ్వలేదు.

"కాంబోడియాలో బట్టంబాంగ్ పట్నం. వాలంటీర్‌గా వెళ్తావు. అక్కడి కుర్రకారుకి ఇంగ్లిష్ వర్క్‌షాప్ నడుపుతావు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లని ఒక విదేశీ ముఠా ఏరుకుపోతోంది. సరిహద్దు అవతల హోటల్లో ఉద్యోగమంటారు. దాటాక గోడల మధ్య పడేసి, ఫోన్లలో జనాన్ని ముంచే పని చేయిస్తారు. ఆ గోడలు ఎక్కడున్నాయో మనకి తెలియాలి."

"ఎలా?"

"నీ క్లాసులో చురుకైన పిల్లని వాళ్లు వదలరు. ఆ పిల్ల మీద ట్రాకర్ పెట్టు. వెళ్లనివ్వు."

"ఆ పిల్లకి చెప్పాలా?"

"చెబితే మొహంలో తెలిసిపోతుంది. చెప్పకు."

కాదనాల్సింది అక్కడే. డియోనెల్ "యెస్, చీఫ్" అని లేచాడు.

బట్టంబాంగ్‌లో వేషం బ్రహ్మాండంగా కుదిరింది. లావుపాటి కళ్లజోడు, చొక్కా జేబులో మార్కర్లు. వాటిలో ఎర్రది మార్కర్ కాదు, కళ్లు మండించే స్ప్రే. రోడ్డు అవతల చెరకురసం బండి పెట్టినవాడు పోలీసు కెప్టెన్. ప్రమాదం ముంచుకొస్తే పలకాల్సిన కోడ్ వర్డ్ "ఐసు వద్దు". ఆ ఎండలో బుద్ధున్నవాడెవడూ ఐసు వద్దనడు, కాబట్టి ఆ మాట పొరపాటున వినిపించే భయం లేదు.

ట్రాకర్ తాలూకు రిసీవర్ మిరెలా దగ్గరుంది. ఆమెని యూరప్‌లోని మరో ఏజెన్సీ సాయానికి పంపింది. పైకి వర్క్‌షాప్ కోఆర్డినేటర్. పట్టు స్కార్ఫ్ ఎగరేస్తూ స్కూటర్ మీద వచ్చిందంటే వీధిలో బేరాలు ఆగిపోయేవి. వ్యాన్ ఎటు పోయిందో చూసి సరిహద్దు పోలీసులకి కబురు పంపాల్సింది ఆమే.

అన్నీ సవ్యంగానే ఉన్నాయి. డియోనెల్‌కి క్లాసుతోనే చిక్కు వచ్చిపడింది.

పిల్లలు గుమ్మంలో చెప్పులు విడిచి, లోపలికొచ్చి, చేతులు ముక్కు దాకా ఎత్తి దణ్ణం పెట్టేవాళ్లు. ఆ దేశంలో దణ్ణానికి ఎత్తుంటుంది. సాటివాడికి గుండె దగ్గర, యజమానికి నోటి దగ్గర, అమ్మానాన్నలకీ మాస్టారికీ ముక్కు దగ్గర. ఆ చేతులు లేచినప్పుడల్లా డియోనెల్ బోర్డు తుడిచే వంకతో అటు తిరిగేవాడు. తను ఎంత బాగా చెబితే ఈ పిల్లలు ముఠా కంటికి అంత బాగా ఆనుతారు. ఆ సంగతి తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయేది.

అందరిలోకీ చురుకైనది చన్నారీ. తల్లితో చేపల మార్కెట్లో కూర్చుని పెంచిన నోరు.

"మాస్టారూ, మీ ఇంగ్లిష్ అర్థమవుతోంది. మీ ఖ్మేర్ భాష మాత్రం మా కుక్కక్కూడా ఎక్కట్లేదు."

"కుక్కని కూడా క్లాసుకి తీసుకురా. దానికీ ఇంగ్లిషే చెప్తాను."

"వద్దులెండి. రేపు అదీ హోటల్లో ఉద్యోగం కావాలంటుంది."

క్లాసంతా గొల్లుమంది. మర్నాడు ఆ పిల్ల వెదురు గొట్టంలో కాల్చిన కొబ్బరన్నం తెచ్చి బల్ల మీద పెట్టింది. "మా అమ్మ పంపింది. మాట్లాడ్డం నేర్పారు కదా, నోరు మూసుకోవడం కూడా మీరే నేర్పాలట."

డియోనెల్ ఆ అన్నం పిల్లల ముందే తిన్నాడు. అదే వారం అతను ఆమెకి 'ఉత్తమ వక్త' బ్యాడ్జి ఇచ్చాడు. దాని లోపల ట్రాకర్ ఉంది. ఆ పిల్ల రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది.

వారం తిరక్కుండానే హోటల్ ఉద్యోగం కబురు వచ్చింది.

"వెళ్లమంటారా మాస్టారూ? అమ్మ మిమ్మల్నే అడగమంది. మీరు సరేనంటే సరేనట."

డియోనెల్ చేతిలోని మార్కర్ వైపు చూస్తూ, "వెళ్లు" అన్నాడు.

బయల్దేరే రోజు పొద్దున్నే బడి ముందు వ్యాన్ ఆగింది. చన్నారీతో పాటు మరికొందరు సంచులతో ఎక్కి కూర్చున్నారు. ముఠా మనిషి వుథా దిగాడు. చేతి వేళ్లకి ఉంగరాలు, మొహంలో లెక్కలేనితనం.

"ఎవడు వీడు? ఎప్పుడూ చూడలేదే" అంది మిరెలా గొంతు తగ్గించి.

వుథా డియోనెల్‌కి గుండె దగ్గరే చేతులు కలిపి దణ్ణం అయిందనిపించాడు. తర్వాత మిరెలా వైపు తిరిగాడు. తల వంగింది, చేతులు నోటి దాకా లేచాయి. లేచాక తప్పు తెలిసి గబుక్కున దించుకున్నాడు. చిన్నప్పట్నుంచీ అలవాటైన చేతులు మరి, యజమాని కనబడగానే వాటంతటవే లేచాయి.

డియోనెల్ ఆమె వైపు చెయ్యి చాచాడు. "మిరెలా, రిసీవర్ ఒకసారి చూపించు."

"బ్యాగులో ఉంది. తర్వాత."

వ్యాన్ ఇంజన్ స్టార్టయింది. ఇది పోతే సరిహద్దు దగ్గర పోలీసులుండరు, ఆచూకీ ఉండదు. చన్నారీ తల్లికి చెప్పడానికి ఒక్క ముక్క ఉండదు. అతను వ్యాన్‌కి అడ్డంగా దూకాడు.

"ఐసు వద్దు! ఐసు వద్దయ్యా!"

కెప్టెన్ చెరకు గడ వదిలేసి పిస్టల్ తీశాడు. వుథా డ్రైవర్‌ని "తొక్కరా!" అని గదమాయించాడు. పిస్టల్ చూసి డ్రైవర్ జంకాడు. డియోనెల్ వ్యాన్ లోపలికి క్లాసులో అరిచినట్టే అరిచాడు. "లేవండి! సంచులు తీయండి! బయటికి!"

మాస్టారు చెబితే ఎందుకని అడిగే అలవాటు ఆ పిల్లలకి లేదు. ఎక్కమంటే ఎక్కినట్టే, తలుపు తోసుకుని బిలబిలా దిగిపోయారు. ఆఖరి పిల్ల కాలు నేల మీద పడగానే ఖాళీ వ్యాన్ ముందుకురికింది. డియోనెల్ పక్కకి దొర్లాడు, వ్యాన్ వెళ్లి చెరకు బండిని గుద్దుకుని ఆగింది.

మిరెలా చేతిలో చిన్న పిస్టల్ మెరిసింది. "పాఠాలు బాగానే చెబుతావు డియోనెల్. నీ సరుక్కి ఏ వంకా పెట్టలేదు మేము."

ఎర్ర మార్కర్ బుస్సుమంది. ఆమె కళ్లు మూసుకుని కూలబడింది. కెప్టెన్ ఆమెకీ వుథాకీ డ్రైవర్‌కీ బేడీలు వేశాడు. ఆమె బ్యాగులో రిసీవర్ దొరికింది. అందులో బ్యాటరీ లేదు.

చన్నారీ దగ్గరికొచ్చింది. "ఏంటి మాస్టారూ ఇదంతా?"

డియోనెల్ ఈసారి అబద్ధమాడలేదు. ఆమె చొక్కా మీది బ్యాడ్జి అడిగి తీసుకుని, విరిచి, లోపలి ట్రాకర్ చూపించాడు. "నిన్ను ఎర వేశాను."

"మా అమ్మకి తెలుసా?"

"లేదు."

"అయితే ఆ కొబ్బరన్నం ఎలా తిన్నారు?"

అతను విరిగిన బ్యాడ్జి జేబులో వేసుకున్నాడు.

ఆ పిల్ల వెళ్లబోతూ సంచి భుజానికి తగిలించుకుంది. పెద్దమనిషిని వదిలి వెళ్లేటప్పుడు దణ్ణం పెట్టకపోవడం వాళ్ల ఇంటావంటా లేదు. చేతులు లేచాయి. గుండె దాకా వచ్చి, అక్కడే ఆగిపోయాయి.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "వాళ్ల స్థావరం దొరకలేదు గానీ ముఠా తల దొరికింది. శభాష్! మళ్లీ మాస్టారి వేషమే వేద్దువుగాని. నీకు అచ్చొచ్చింది."

"వద్దు చీఫ్. ఏ కిరాయి హంతకుడి వేషమో ఇవ్వండి. కాస్త పరువుగా ఉంటుంది."