ఖాళీ జాగాలో పాత గుర్తు

"ఐదింటికి మొయిజ్‌ని ఢిల్లీ తీసుకెళ్తున్నాం. అతను దొంగ కాదంటావా, ఆలోపు రుజువు చూపించు. ఓవర్."

ఇయర్‌పీస్‌లో చీఫ్ మహిధర్ గొంతు ఆగింది. ఏజెంట్ నుస్రత్ లేచి షట్టరు సగం దించింది. ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర అందరికీ ఆమె కంప్యూటర్ రిపేరు షాపు అక్కే.

ఆదిభట్లలోని ఒక ఫ్యాక్టరీ నుంచి డ్రోన్ డ్రాయింగులు విదేశీ ముఠాకు పోతున్నాయి. ఇంజినీర్ మొయిజ్ సొరుగులో అతని సొంత హార్డ్ డిస్కు దొరికింది. ఇప్పుడతను షాపు మూల స్టూలు మీద బేడీలతో ఉన్నాడు. డిస్కు తెచ్చింది యమున. అదే ఫ్యాక్టరీలో నిఘా ఏజెన్సీ రహస్యంగా పెట్టిన మనిషి. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. కోడ్‌వర్డ్ ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది. అదే నుస్రత్‌కు నచ్చలేదు.

"నేను చెయ్యలేదక్కా. అమ్మీకి ఏం చెప్పాలె?" అన్నాడు మొయిజ్.

నుస్రత్ డిస్కును లినక్స్ లాప్‌టాప్‌కు తగిలించింది. హద్దు గీసిన భాగం, అంటే పార్టిషన్, ఒక్కటే ఉంది. మిగతా సగానికి హద్దే లేదు.

"ఖాళీ జాగనే," అంది యమున. "డ్రాయింగులు అమ్మేసి తుడిచిండు."

రియలెస్టేట్ వాళ్లు గజం వదలని ఊళ్లో ఖాళీ జాగా అంటే నుస్రత్ నమ్మదు. హద్దురాళ్లు పీకితే హద్దు పోతుంది గానీ లోపలి బావి పోదు కదా. పార్టిషనూ అంతే. హద్దులు రాసి ఉండే టేబుల్‌లోంచి తీసేసినా ఫైళ్లు అక్కడే పడి ఉంటాయి.

కాపీ తీసే టైము లేదు. పాత హద్దు అక్కడే ఉండేదనుకుని, ఖాళీ మొదలైన చోటి నుంచే కొత్త పార్టిషన్ గీసింది. స్క్రీన్ అడిగింది: ఇక్కడ పాత ఫైళ్ల అమరిక (ఫైల్‌సిస్టమ్) గుర్తు ఉంది, తుడిచేయాలా?

యమున భుజం మీదుగా వంగింది. "అవ్ అని కొట్టు. జల్ది. ఐదైతుంది."

నుస్రత్ వేలు 'వై' మీద ఆగింది. "ఖాళీ అన్నవ్. మరి గుర్తు తుడవనీకి గంత తొందరేంది?"

యమున చెయ్యి కేబుల్ మీదికి దూకింది. నుస్రత్ మోచేత్తో ఆపి వద్దని 'ఎన్' కొట్టింది, టేబుల్ రాసింది, చదవడమే తప్ప ఏదీ మారకుండా రీడ్-ఓన్లీగా తెరిచింది. డ్రాయింగులు వరసగా బయటపడ్డాయి. ప్రతి ఫైలుకూ దాన్ని పుట్టించిన లాగిన్ నంబరు అంటుకునే ఉంది.

"చీఫ్, ఫ్యాక్టరీలో లాగిన్ 1047 ఎవరిది?"

ఇయర్‌పీస్‌లో కీబోర్డు టకటకలాడింది. "యమునది. అతని డిస్కు వాడుకుని నింద అతని మీద వేసిందన్నమాట. మొయిజ్‌ని వదిలెయ్."

బేడీలు చేతులు మారాయి. మొయిజ్ మణికట్టు రుద్దుకుంటూ లేచాడు.

"అక్కా, డిస్కు వాపస్ ఇస్తవా? నా సినిమాలన్నీ దాంట్లనే ఉన్నయ్."

"గిప్పుడది సాక్ష్యం, తమ్మీ. కేసు తేలేదాంక టీవీల ఏదొస్తే గదే చూడు."