ఖాళీ మాత్ర

పాలగ్లాసు అందిస్తూ భర్త మొహంలోకి చూసిందావిడ. కిటికీలోంచి పడుతున్న పొద్దుటి వెలుతురులో ఆయన కళ్ళు పచ్చగా కనిపించాయి. కర్టెను నీడ అనుకుని పక్కకి లాగింది. పచ్చదనం పోలేదు సరికదా, ఇంకా బాగా తెలిసింది.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడాయన ముంజేతులు గోక్కుంటూ. వారం రోజులుగా అదే పని. రెండు చేతుల మీదా ఎర్రగా గోళ్ళ గీతలు.

"ఏం లేదండీ. సరిగ్గా నిద్ర పట్టిందా అని."

"పట్టింది. ఈ పాలేంటో ఈమధ్య చేదుగా ఉంటున్నాయి."

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, పప్పుల డబ్బాల వెనక దాచిన చిన్న సీసా తీసి చూసింది. బూడిదరంగు పొడి. సగానికి పైగా అయిపోయింది.

ఆయన ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఊళ్ళో సగం మేడల్లో ఆయన చెయ్యి పడితే తప్ప లిఫ్టు కదిలేది కాదు. తను మాత్రం లిఫ్టు లేని మేడలో మూడో అంతస్తులో కాపురం పెట్టాడు. ఎవరైనా అడిగితే, "ఇంటికొచ్చాక కూడా రిపేరేనా?" అని నవ్వేవాడు. రెండేళ్ళ కిందట మొదలైంది ఆయాసం. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయన్నారు డాక్టర్లు. ఉన్న మందులు జబ్బును కాస్త నెమ్మది చేస్తాయే గాని, పోయిన ఊపిరిని వెనక్కి తేలేవన్నారు.

ఒక్కగానొక్క కూతురు ప్రభుత్వాసుపత్రిలో, కొత్త మందుల్ని పరీక్షించే విభాగంలో నర్సు. ముప్పై ఆరేళ్ళొచ్చినా ఇంట్లో ఆమె పేరు పాపాయే. ఈ జబ్బుకి కొత్త మందొకటి తమ దగ్గర పరీక్షిస్తున్నారని ఇంట్లో చెప్పింది పాపాయే. అయితే సొంత తండ్రి కాబట్టి ఆయన ఫైలు ముట్టుకునే వీల్లేదన్నారు. ఆమెను గుండెజబ్బుల వాళ్ళ వైపు ఉంచారు.

ఆ పరీక్షలో ఆయన చేరేరోజు పెద్ద డాక్టరమ్మ గంటసేపు కూర్చుని అన్నీ విడమరిచి చెప్పింది. అరవైమందిని తీసుకుంటారు. పాత మందులు అందరికీ మామూలే. వాటికి తోడు సగంమందికి కొత్త మందు ఇస్తారు. మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే మాత్ర, కాని లోపల మందు ఉండదు. ఎవరికి ఏది వెళ్తుందో కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. రోగికీ తెలీదు, ఇచ్చే డాక్టరుకీ తెలీదు. ఆయన అన్నీ విని, రెండు ప్రశ్నలడిగి సంతకం పెట్టాడు. పక్కన కూర్చున్న ఆవిడ చెవిలో మాత్రం ఒక్క మాటే గింగురుమంది. ఖాళీ.

ఇక అప్పట్నుంచీ ఆవిడకి మనశ్శాంతి లేదు. సాయంత్రం ఆయనకి మాత్ర ఇచ్చేముందు దీపం దగ్గర పెట్టి చూసేది. చెవి దగ్గర పెట్టుకుని ఊపేది. మా ఆయనకి ఖాళీదే వచ్చిందని ఎందుకో గట్టిగా నమ్మేసింది. చివరికి ఓరోజు బజారు చివర ఆకుమందులమ్మే ఆయన దగ్గరికెళ్ళి గోడు వెళ్ళబోసుకుంది. అతను ఈ పొడి ఇచ్చాడు. "ఆకులేనమ్మా. ఆకులు ఎవర్నేం చేస్తాయి?" అన్నాడు. వేరే మందులేవీ ఇవ్వకూడదని డాక్టరమ్మ చెప్పిన మాట గుర్తున్నా, పొద్దున్నే పాలల్లో అరచెంచా కలపడం మొదలుపెట్టింది.

నెల తిరిగేసరికి ఆయన మూడంతస్తులూ ఒక్కచోటే ఆగి ఎక్కేశాడు. అది మాత్ర గొప్పో పొడి గొప్పో ఆవిడకి తెలీలేదు. ఏది మానేస్తే ఏమవుతుందోనని ఏదీ మానలేకపోయింది.

సీసా చేతిలో ఉండగానే ముందుగదిలోంచి పాపాయి గొంతు వినిపించింది. "నాన్నా, ఒకసారి ఇటు తిరుగు. పైకి చూడు. కిందికి చూడు."

ఆవిడ సీసాని గబుక్కున తన చేతిసంచీలో వేసుకుని బయటికొచ్చింది. పాపాయి డ్యూటీకి తయారై, ఒక చెప్పు వేసుకుని రెండోది వేసుకోకుండా, తండ్రి కింది రెప్ప లాగి చూస్తోంది.

"ఒంటేలు ఏ రంగులో వస్తోంది?"

ఆయన మొహం తిప్పుకున్నాడు. "కాస్త చిక్కగా. టీ డికాషన్‌లా."

"ఎన్నాళ్ళనుంచి?"

"ఐదారు రోజులు. చెబితే మీవాళ్ళు మాత్ర ఆపేస్తారేమోనని..."

"నాన్నా, నువ్వేమన్నా చిన్నపిల్లాడివా?" అని తల్లి వైపు తిరిగింది. "అమ్మా, కొత్తగా ఏదైనా ఇచ్చావా? మాత్ర, ఆకు, పొడి, ఏదైనా?"

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. కాని కూతురి మొహంలో రంగు లేదు. ఇంత ప్రమాదమా? ఇది తన చేత్తో కలిపిందేనా?

"లేదే. నేనేం ఇస్తాను?"

గంటలో ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు. రక్తం తీశారు, పొట్ట మీద స్కానింగు చేశారు. మధ్యాహ్నానికి డాక్టరమ్మ కాగితాలు పట్టుకుని వచ్చింది. కాలేయం బాగా వాచిందనీ, రక్తపరీక్షలో కాలేయం అంకెలు ఉండాల్సిన దానికన్నా ముప్పై రెట్లున్నాయనీ చెప్పింది. మాత్ర వెంటనే ఆపేశారు. వెళ్ళేముందు ఆవిడ పక్కనే బల్లమీద కూర్చుని నెమ్మదిగా అడిగింది. "బాగా గుర్తుచేసుకోండమ్మా. ఇంట్లో చేసుకున్న కషాయం లాంటిది కూడా చెప్పచ్చు. ఎవరూ ఏమీ అనరు."

చేతిసంచీ ఆవిడ ఒళ్ళోనే ఉంది. దాన్ని పొట్టకి అదుముకుంది.

"ఏమీ లేదమ్మా."

"అయితే మా మందునే అనుమానించాలి," అంది డాక్టరమ్మ, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు.

రెండోరోజు అంకెలు ఇంకా పెరిగాయి. ఆయనకి తిండి సయించలేదు. పిలిస్తే పలుకుతున్నాడు గాని, కళ్ళు మూతలు పడిపోతున్నాయి. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ ఆయన ఛాతీ లేవడం, పడటం చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? పోలీసుల్ని పిలుస్తారా? పాపాయి ఉద్యోగం ఊడుతుందా? ఆయనకి తెలిస్తే మళ్ళీ తన చేతి గ్లాసు ముడతాడా? ఎటూ మాత్ర ఆపారు, పొడీ ఆపాను, తగ్గిపోతుందిలే అని తనకి తనే నచ్చచెప్పుకుంది. నర్సు వచ్చి సూది గుచ్చినప్పుడల్లా ఆ నచ్చచెప్పుకోవడం కాస్తా ఆవిరైపోయేది.

మూడోరోజు పొద్దున నీళ్ళసీసా నింపుకుందామని వరండాలోకి వస్తే, మందులిచ్చే కిటికీ దగ్గర ఒకామె ఖాళీ చేతులతో నిలబడి ఉంది. కుట్టుపని చేసుకునే మనిషి. ఈ మందు పరీక్షలోనే ఆమె భర్త కూడా ఉన్నాడు. నెలనెలా ఇక్కడే కలుస్తూ, పక్కపక్కన కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్ళు.

"మాత్రలు ఇవ్వట్లేదు వదినా," అంది కుట్టుపని ఆమె. "ఎవరికో కాలేయం పాడైందట. ఎందుకో తేలేదాకా అందరికీ ఆపేశారు."

"అందరికీనా?"

"అరవైమందికీ. మా ఆయన ఏడాదిన్నర కూర్చునే నిద్రపోయాడు వదినా. ఈ నెలే వెనక్కి వాలి పడుకుంటున్నాడు. మళ్ళీ మొదటికొస్తే ఏం చెయ్యాలి? పోనీ మాత్రలు ఇచ్చినా, ఇంత విన్నాక మింగించగలనా? నాకు భయంగా ఉంది." ఆమె కళ్ళు తుడుచుకుని అడిగింది. "ఇంతకీ మీరేంటి ఈవేళప్పుడు? అన్నయ్యగారు బాగున్నారా?"

ఆవిడ ఆ 'ఎవరో' తన భర్తేనని చెప్పలేకపోయింది. నీళ్ళసీసా అక్కడే బల్లమీద వదిలేసి, వరండా పొడుగునా నడిచి, పాపాయి పనిచేసే గది తలుపు తోసింది. పాపాయి ఒక్కతే ఉంది. ఆవిడ సంచీలోంచి సీసా తీసి టేబుల్ మీద పెట్టింది.

"ఇది ఇచ్చానే. పాలల్లో. ఏడు వారాలు."

పాపాయి సీసా వైపు చూసింది. మూత తీసి వాసన చూసింది. మళ్ళీ పెట్టేసింది.

"మూడు రోజులైందమ్మా. నేనడిగాను, డాక్టరమ్మ అడిగింది. ఎదురుగా కూర్చుని లేదన్నావు."

"భయమేసిందే."

"భయమా? నాన్న కాలేయం పనిచెయ్యడం మానేస్తే? ఆ మనిషి ఇవాళ కళ్ళు తెరవకపోతే? నువ్వు నాన్నని చంపేసేదానివమ్మా."

ఆ మాట అన్నాక పాపాయి పెదవి కొరుక్కుంది గాని, వెనక్కి తీసుకోలేదు.

"అవును. అందుకే చెప్పలేకపోయాను," అందావిడ. "నేనే చంపేస్తున్నానేమోనని. రోజూ ఇక్కడ ఎంతమందిని కూర్చోబెట్టి అడుగుతావే, ఎలా ఉంది, ఏం అనుమానాలున్నాయి అని. ఆ ఖాళీ మాత్ర మాట విన్నరోజు నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. ఇంట్లో ఒక్కసారి అడిగావా? ఒకసారి నేనే మొదలుపెడితే, 'అది సైన్సమ్మా, నీకర్థం కాదులే' అని వెళ్ళిపోయావు. అర్థమయ్యేలా చెప్పినవాడు ఆ ఆకుమందుల కొట్టాయన ఒక్కడే. అందుకే వాడి మాట విన్నాను. తప్పు నాదే. కాదనట్లేదు. పద, డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. నా నోటితో నేనే చెప్తాను."

పాపాయి సీసా చేతిలోకి తీసుకుని తలుపు తెరిచింది. ఇద్దరూ డాక్టరమ్మ గదివైపు నడిచారు.

డాక్టరమ్మ చివరిదాకా విన్నది. అరవలేదు, తల పట్టుకోలేదు. ఎప్పుడు మొదలుపెట్టారు, ఎంత కలిపేవారు, ఏ రోజైనా మానేశారా అని అడిగి అన్నీ రాసుకుంది. పొడిని పరీక్షకి పంపించింది. ఆ మధ్యాహ్నమే, పరీక్షలో ఉన్నవాళ్ళ బాగోగులు చూసే కమిటీ ఒప్పుకున్నాక, ఆయనకి ఏ మాత్ర వెళ్ళిందో రాసి మూసిపెట్టిన కవరు తెరిచారు.

"చెప్పి మంచిపని చేశారు," అంది డాక్టరమ్మ మంచం దగ్గరికొచ్చి. "పొడి సంగతి తెలిసింది కాబట్టి దానికి తగ్గట్టు మందు మార్చాం. ఇంకో విషయం. ఆయనకి వచ్చింది మందులేని మాత్రే."

ఆవిడ నమ్మకమే నిజమైంది. కాని ఆ మాటకి సంతోషించడానికి లోపల ఏమీ మిగల్లేదు. మంచం మీద ఆయన కళ్ళు మూసుకునే విన్నాడు.

"మరి నేను మూడంతస్తులు ఎక్కానే?" అన్నాడు నీరసంగా.

"కొందరికి అలా అవుతుంది. ధైర్యం వచ్చాక మనిషి ఎక్కువ కదులుతాడు. పొడి వల్ల మాత్రం కాదు."

"అయితే ఆ మెట్లన్నీ నేనే ఎక్కానన్నమాట," అన్నాడాయన. ఆ పచ్చటి మొహంలో చిన్న నవ్వు కదిలింది. తర్వాత పెళ్ళాం వైపు తిరిగి, "పాలు చేదుగా ఉన్నాయని చెప్తూనే ఉన్నా," అని ఆవిడ చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

అంకెలు మర్నాడు పెరగకుండా ఆగాయి. ఆ మర్నాటినుంచి మెల్లగా దిగడం మొదలుపెట్టాయి. పొడిలో కాలేయాన్ని దెబ్బతీసే సరుకు దొరికిందని కబురొచ్చింది. కమిటీ కూర్చుని మాట్లాడుకుని, పదో రోజున మిగతావాళ్ళకి మాత్రలు మళ్ళీ మొదలుపెట్టింది. ఆ పొద్దున ఆవిడ కిటికీ దగ్గరికి తనే వెళ్ళింది. కుట్టుపని ఆమెను పక్కకి పిలిచి, జరిగిందంతా దాచకుండా చెప్పింది. కోప్పడుతుందనుకుందావిడ. ఆమె మాత్రం గొంతు తగ్గించి, "నేనూ ఒక నూనె తెచ్చి పెట్టుకున్నాను వదినా. ఇంకా వాడలేదు," అని చెయ్యి పట్టుకుంది.

వార్డుకి తిరిగొచ్చేసరికి ఆయన నిద్రపోతున్నాడు. పాపాయి డ్యూటీ బట్టల్లోనే మంచం కాళ్ళవైపు నిలబడి ఉంది. ఆ రోజు గదిలో ఆ మాట అన్నాక తల్లీకూతుళ్ళు అవసరమైన మాటలే మాట్లాడుకున్నారు. పాపాయి స్టూలు లాక్కొచ్చి తల్లికి ఎదురుగా వేసుకుని, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుంది.

"అమ్మా, నీకింకా ఏమేం భయాలున్నాయో చెప్పు. అర్థం కాదులే అనను."

"డ్యూటీకి వేళవుతుంది కదే."

"అడిగి వచ్చాను. చెప్పు."

ఆవిడ నిద్రపోతున్న భర్త దుప్పటి సర్దింది. తర్వాత మొదలుపెట్టింది. ఇంటికెళ్ళాక ఏం తినిపించాలో తెలీక భయమంది. ఆయన నిద్రలో దగ్గు ఆగితే దగ్గు ఆగిందో, ఊపిరే ఆగిందో తెలీక లేచి కూర్చుంటానంది. ఏదో ఒకరోజు ఈ జబ్బే ఆయన్ని తీసుకుపోతుందని తనకి తెలుసంది, ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనకపోవడం ఇంకా భయమంది. పాపాయి ఒక్కోదానికీ తెలిసింది చెప్పింది. తెలియనిచోట తెలియదంది.

"ఇంకా ఉందా?"

ఆవిడ తల వంచుకుంది. "అన్నిటికన్నా పెద్దది ఒకటుంది. ఆ రోజు నువ్వన్నావే, ఆ మాట. అది నీ మనసులోంచి పోదేమోనని."

పాపాయి స్టూలు మీంచి జారి నేలమీద కూర్చుని తల్లి ఒళ్ళో మొహం పెట్టేసుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆవిడ కూతురి జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి నిమురుతూ, "ఊరుకో, నాన్న లేస్తారు," అంది. అంటూ అంటూ తనే బావురుమంది.