సొరకాయ బుర్రలో ఆకాశం

నమ్మితే వినండి, నమ్మకపోతే ఇంకాస్త దగ్గరికి జరిగి వినండి. నల్లగట్టు రాజ్యంలో ఒకనాటి సాయంత్రం చుక్కలు పొడవలేదు. ముసుగాసురుడనే రాక్షసుడు ఆకాశం మీద నల్లటి గొంగళి కప్పేశాడు. వాడికి గొర్రె మాంసమంటే ప్రాణం. కాపరులేమో చుక్కల్ని చూసి దారి పట్టుకుని మందల్ని ఇళ్లకు తోలుకొచ్చేవారు. చుక్కలే లేకపోతే మంద దారి తప్పుతుంది, తప్పిన మంద తన నోట్లో పడుతుంది, అదీ వాడి ఎత్తు. అంత గొంగళికి ఉన్ని ఎక్కడిదంటారా? అప్పటిదాకా వాడు తిన్న గొర్రెలదే!

ఆ రాజ్యాన్నేలే బెదురుసేన మహారాజు పేరుకు తగ్గవాడు. ఎదురు తిరిగితే సూర్యుణ్ణి కూడా కప్పేస్తానని రాక్షసుడు కబురు పంపగానే, పొద్దుగూకాక ఎవరూ గడప దాటకూడదనీ, ఆకాశం వంక చూడకూడదనీ చాటింపు వేయించాడు.

గొర్రెల కాపరి ఐలయ్య అప్పటికే మందతో అడవిలో ఉన్నాడు. ఇంట్లో అతని తల్లి, కూతురు బీరవ్వ మిగిలారు. రోజులు గడిచినా ఐలయ్య రాలేదు. పగటి ఎండకు మంద కదలదు, రాత్రి నడుద్దామంటే చుక్కలు లేవు. ఆకాశం తెరుచుకుంటే తప్ప నాయన ఇల్లు చేరలేడని బీరవ్వకు అర్థమైంది.

"బయటి ఆకాశం చూడొద్దన్నాడు గానీ, ఇంట్లో ఆకాశం పెట్టుకోవద్దని రాజు అనలేదు కదనే బిడ్డా," అంది అవ్వ.

ఇద్దరూ నడింట్లో దండెం మీద గొంగళి వేసి గుడారం కట్టారు. అవ్వ గుర్తు చేసుకుని చూపించిన చోటల్లా, ఎండిన సొరకాయ బుర్రకు బీరవ్వ కాల్చిన ఊచతో చిల్లులు పొడిచింది. లోపల దీపం పెట్టేసరికి గొంగళి నిండా చుక్కలు పరుచుకున్నాయి. ఇద్దరూ వెల్లకిలా పడుకుని, పోటీపడి పేర్లు చెప్పుకున్నారు. ఇది గొల్లకావడి, అది పిల్లలకోడి, అదిగో ముసలమ్మ మంచం, దాన్ని ఎత్తుకుపోతున్న దొంగలు. ఆ మంచం నీదేనా అని మనవరాలు అడిగితే, నాదే అయితే ఆ దొంగల కాళ్లు విరగ్గొట్టి ఉండేదాన్నంది అవ్వ.

తలుపు సందులోంచి ఆ వెలుగు చూసి భటుడొకడు లోపలికి దూరాడు. రాజాజ్ఞ తెలియదా అని గద్దించాడు.

"ఆకాశం చూడొద్దన్నారు. ఇది సొరకాయ," అంది బీరవ్వ.

భటుడు బుర్ర గోక్కున్నాడు. సొరకాయ సంగతి రాజుగారిని అడిగొస్తానని వెళ్లాడు. అతను తిరిగొచ్చేలోగా బీరవ్వ సొరకాయ బుర్రను చంకన పెట్టుకుని, అవ్వ దీవెన తీసుకుని, గడప దాటి అడవి దారి పట్టింది.

కొంతదూరం వెళ్లేసరికి బెబ్బులి అడ్డొచ్చి నోరు తెరిచింది. బీరవ్వ దీపం వెలిగించింది. బెబ్బులి ఒంటి నిండా చుక్కలు పడ్డాయి. చారలు పోయి తాను చిరుతపులినైపోయాననుకుని, అది సిగ్గుతో తోక ముడుచుకుని పొదల్లోకి పారిపోయింది.

ఇంకాస్త లోపల ఒక ముని ఒంటికాలి మీద నిలబడి మూలుగుతున్నాడు. వేగుచుక్క పొడిచాకే రెండో కాలు దించుతానని ఆయన మొక్కుకున్నాడట. ఆ తర్వాత అది పొడిస్తే కదా! బీరవ్వ బుర్రను తిప్పి పెద్ద చిల్లు వెలుగు చెట్టు మొద్దు మీద పడేలా పట్టుకుంది. ముని హాయిగా కాలు దించి మోకాలు రుద్దుకున్నాడు.

"ఆ రాక్షసుడితో కుస్తీ పట్టకు తల్లీ. చుక్క కనబడితే, దాన్ని కప్పందే వాడికి ముద్ద దిగదు. అదే వాడి రోగం," అన్నాడు.

గట్టు మీద ముసుగాసురుడు గొంగళి అంచు తొక్కిపట్టి కూర్చున్నాడు. బీరవ్వ నేరుగా వెళ్లి వాడి ముందు బుర్ర పెట్టింది. "చుక్కలన్నీ కప్పేశానని గొప్పలు పోతున్నావట. మరి ఇవి ఎలా మిగిలాయి?"

"ఆర్పేయ్!" అన్నాడు వాడు.

"ఆర్పను. ఇది మా ఇంటి దీపం."

"సూర్యుణ్ణి కప్పేస్తా."

"ముందు సొరకాయను కప్పు చూద్దాం."

వాడు మండిపడి గొంగళి అంచు లాగి బుర్ర మీద వేశాడు. ఇంట్లో గుడారం కిందనుంచి పాకినట్టే బీరవ్వ ఇవతలికి పాకేసింది. గొంగళి మీద చుక్కలు తేలాయి. ఇంకో మడత లాగి కప్పాడు. దాని మీదా తేలాయి. వాడు లాగుతూనే ఉన్నాడు, వాడి వెనక ఆకాశం తెరుచుకుంటూనే ఉంది. చివరికి గొంగళంతా కిందికొచ్చింది. వాడు తలెత్తి చూశాడు. పైన కప్పాలంటే కింద వదలాలి, కింద కప్పాలంటే పైన వదలాలి. ఎటూ తేల్చుకోలేక గిరగిర తిరిగి, ఆ గొంగళిలోనే చుట్టుకుపోయి గట్టు మీంచి దొర్లాడు. ఇప్పటికీ దొర్లుతున్నాడనే నా నమ్మకం.

గొల్లకావడిని చూసుకుంటూ ఐలయ్య మందతో ఆ దారినే వచ్చాడు. కూతుర్ని చూసి నిలువునా ఆగిపోయి, ఇక్కడేం చేస్తున్నావే అన్నాడు.

"నీకు దారి వేస్తున్నా నాయనా," అంది బీరవ్వ.

వాళ్లు ఊరు చేరేసరికి భటుడు జవాబుతో సిద్ధంగా ఉన్నాడు. సొరకాయ కూడా నిషేధమేనట. వినడానికి ఇళ్లలో ఎవరూ లేరు, ఊరంతా వీధిలో తలలెత్తి నిలబడి ఉంది. కాసేపటికి రాజు కూడా సిగ్గుపడుతూ వచ్చి నిలబడ్డాడు. ఇంత ధైర్యం తనకు లేదని ఒప్పుకుని, రాజ్యం నువ్వే ఏలుకోమని బీరవ్వను అడిగాడు. పెద్దయ్యాక చూద్దాంలెమ్మంది. పెద్దయ్యాక ఏలింది కూడా.

పిల్లలూ, మీ ఆకాశాన్ని మబ్బు కప్పినా, ఇంకెవరు కప్పినా, ఇంట్లో దండెం మీద ఓ దుప్పటి వేసి, చిల్లులు పొడిచిన సొరకాయలో దీపం పెట్టుకుని చుక్కల పేర్లు చెప్పుకోండి. ఎవరైనా వచ్చి గద్దిస్తే ఏమనాలో మీకు తెలుసు.