బిడ్డకు ఇచ్చిన బెంచీ

"దగ్గకయ్యా... నీ కాళ్లు మొక్కుత, జర ఆపుకో! పిల్ల మీటింగుల ఉన్నది!"

గొంతు బయటికి రానీయకుండా, పెదవులు మాత్రమే కదిలిస్తూ భర్తను బతిమాలింది పుష్పమ్మ. పాపం, ముత్తయ్య మాత్రం ఏం చేస్తాడు! దగ్గు మన వీలు అడిగి వస్తుందా? భూపాలపల్లి వైపు కంకర మిషన్ల దగ్గర పదేళ్లు దుమ్ము మింగిన ఛాతీ అది. భుజం మీది తువ్వాలను నోట్లో కుక్కుకుని, కళ్ల నిండా నీళ్లతో పశువుల కొట్టంలోకి పరుగెత్తాడు. లోపలి గది తలుపు వెనక నుంచి, ఇంట్లోంచే ఆఫీసు పని చేసే కూతురు శైలజ గొంతు ఇంగ్లీషులో ధారగా వస్తోంది... ఆగుతోంది... "యెస్ సార్" అంటోంది... మళ్లీ సాగుతోంది. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా ఆ మాటలు వింటుంటే పుష్పమ్మకు కడుపు నిండిపోయేది. ఈ మధ్య మాత్రం ఎందుకో ఒళ్లు జలదరిస్తోంది! రోజూ అదే రాగం, అదే చోట ఆగడం, అదే చోట గొంతు వణకడం... నిన్న విన్నదే ఇవాళ మళ్లీ వింటున్నట్టు! "పెద్ద సదువుల సంగతి నాకేం తెల్సు" అని తనను తానే కసురుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

కొడకండ్లకు కాస్త అవతల ఉన్న ఆ రెండు గదుల ఇంట్లో మూడు నెలలుగా ఇదే తంతు. పది గంటలైందంటే ఊపిరి కూడా అడిగి తీసుకోవాల్సిందే! విజిల్ వేస్తుందని కుక్కర్‌ను అటక ఎక్కించారు. కోళ్లను పక్కింటి సాలమ్మ పెరట్లోకి తోలేశారు. వాకిట్లో ఎవరైనా "ఓ పుష్పా!" అని కేకేస్తే చాలు, నోటి మీద వేలు పెట్టుకుని ఎదురు వెళ్తుంది. "ఇది మనుషులున్న ఇల్లా, మనుషులు పోయిన ఇల్లా?" అని సాలమ్మ ఒకసారి అననే అంది. ఆ మాటకు పుష్పమ్మ నవ్వేసింది.

ముత్తయ్య కొట్టం పాలు కావడానికి వేరే కథ ఉంది. మూడు నెలల కిందట ఓ రోజు శైలజ మీటింగులో ఉండగా అతనికి దగ్గు తెర వచ్చింది. ఓ గంట తర్వాత ఆ పిల్ల బయటికొచ్చి, ఎన్నడూ ఎత్తని గొంతు ఎత్తింది. "నీ దగ్గుతోనే పోయింది నాయినా! అంతా నీ దగ్గుతోనే!" ఏం పోయిందో చెప్పలేదు. అడిగే ధైర్యం ఎవరికుంది! ఆ మర్నాటి నుంచి ముత్తయ్య తన మంచాన్ని తనే కొట్టంలోకి ఈడ్చుకున్నాడు. కూతురి మీద కోపమా అంటే, అదేం లేదు. కన్న బిడ్డకు తనే శనిలా దాపురించానన్న దిగులు మాత్రం మనిషిని లోలోపల తినేస్తోంది.

జీతం ఊసెత్తితే, "అన్ని నెలలది ఒక్కసారే ఇస్తరమ్మా" అంది శైలజ. పుష్పమ్మకు అందులో వింతేమీ కనబడలేదు. పత్తి ఏరిన కూలి పత్తి అమ్మాకనే కదా చేతికొచ్చేది! ఆఫీసుకు కూడా ఓ పంట, ఓ కాలం ఉంటాయి కాబోలు అనుకుంది. "మరి నీ పని ఏంది బిడ్డా?" అంటే, "బెంచ్ మీద ఉంచిన్రమ్మా" అని తల తిప్పుకుంది.

బెంచీ! ఆ మాట వినగానే తల్లి గుండె పొంగిపోయింది. ఎందుకు పొంగదు? వాళ్ల చర్చిలో ఆడామగా అందరూ కూర్చునేది జంపఖానా మీదే. పాస్టరుగారి పక్కన ఉన్నది ఒక్కటే బెంచీ. దాని మీద కూర్చునే యోగ్యత సంఘ పెద్ద పోశాలుకూ, మరో ఇద్దరు పెద్దమనుషులకే! పత్తి చేన్లో నడుం వంచిన పుష్పమ్మ కూతురికి ఇరవై నాలుగేళ్లకే బెంచీ ఇచ్చారంటే, అది దేవుడు చేసిన మేలు కాక మరేమిటి?

మేలు జరిగితే సంఘం ముందు నిలబడి చెప్పాలి కదా! ఆ ఆదివారం సాక్ష్యాల వేళకు పుష్పమ్మ కొంగు తలమీదికి లాక్కుని లేచింది. "సంఘానికి వందనాలు. నా బిడ్డ శైలజను ఆఫీసుల కింద కూసోనిస్తలేరు... బెంచీ ఇచ్చిన్రు! దేవునికి స్తోత్రం!" అందరూ "స్తోత్రం!" అన్నారు. పోశాలు బెంచీ మీద నుంచే చప్పట్లు కొట్టాడు. ఒక్క వివేక్ మాత్రం తల దించుకున్నాడు. వివేక్ సాలమ్మ కొడుకు. హైదరాబాదులో ఎనిమిదేళ్లుగా కంప్యూటర్ కొలువు. సెలవు మీద ఊరికొచ్చాడు.

ఆరాధన అయ్యాక చర్చి గోడ పక్కన ఆమెను ఆపాడు. "చిన్నమ్మా, బెంచ్ అంటే ఏమనుకున్నవ్?"

"పెద్దోళ్ల పక్కన కూసునే జాగ గాదా బిడ్డా?"

"గాదు చిన్నమ్మా. పనియ్యకుండ పక్కకు కూసోబెట్టుడు. బంతిల కూసోబెట్టి విస్తరేసి వడ్డించకుంటె ఎట్లుంటది? గట్ల! మా దోస్తు గదే ఆఫీసుల చేస్తడు. బెంచ్ మీద ఉన్నోళ్లందర్నీ ఒక్కనాడే తీసేసిన్రు. మూడు నెలలాయె. శైలు నీకు చెప్పలేదా?"

పుష్పమ్మకు నవ్వొచ్చింది. "నీ దోస్తు తప్పు చెప్పిండు నాయినా! నా బిడ్డ రోజు పదింటికాంచి సార్లతోని మాట్లాడుతనే ఉంటది గదా!"

వివేక్ ముఖంలో రంగు మారింది. "ఎవలతోని, చిన్నమ్మా?"

ఎవలతోని? మూడు నెలలుగా తలుపు వెనక తన బిడ్డ మాట్లాడుతున్నది ఎవరితో? పుష్పమ్మ చర్చి గోడ పట్టుకుంది. "నా బిడ్డ ఏం తప్పు చేసిందిరా?" అని మాత్రం అడగగలిగింది.

"తప్పేం లేదు చిన్నమ్మా. తీసేసేటోళ్ల పేర్లు వారం ముందుగాలనే రాసిపెట్టిన్రట. ఆఖరి మీటింగు ఉత్త పద్ధతికి పెట్టిన్రు."

ఆ రాత్రి కూతురు ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే పుష్పమ్మ ఆ ముఖంలోకి చూడలేకపోయింది. ఎవరో తెలియని మనిషి తన బిడ్డ రూపంలో తిరుగుతున్నట్టు భయం వేసింది. సోమవారం పది కొట్టింది. తలుపు మూసుకుంది. గొంతు మొదలైంది... అదే రాగం... అదే చోట ఆగడం... "యెస్ సార్!" పుష్పమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. దానికి గడియ కూడా లేదు! ఇన్నాళ్లూ ఎవరూ తోయకపోవడమే దానికి తాళమైంది.

బల్ల మీద కంప్యూటర్ లేదు. మూడు నెలల కిందట రిపేరుకని చెప్పి ఆఫీసుకు పార్సెల్ చేసింది మళ్లీ రానేలేదన్నమాట! సున్నం పెచ్చులూడిన గోడకు ఎదురుగా, తల దువ్వుకుని, మెడలో ఆఫీసు కార్డు తాడు వేసుకుని, చెవుల్లో తీగలు పెట్టుకుని కూర్చుంది శైలజ. ఆ తీగ రెండో కొస బల్ల అంచున ఊరికే వేలాడుతోంది. గోడకు వినయంగా తల ఊపుతోంది ఆ పిల్ల!

"శైలూ!"

ఉలిక్కిపడి తిరిగింది. చెవుల్లోంచి తీగలు తీసి, తల్లి నడుమును చుట్టేసుకుని గుసగుసగా చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు కూడా గుసగుసే!

"ట్రైనింగ్‌ల ఆరు నెలలు ఒకటి నేర్పిన్రమ్మా... సగం జీతమిచ్చి. తర్వాత ఇంకేందో పని ఇచ్చిన్రు. తెల్వదంటే 'ఇంకా నేర్చుకోలేదా' అంటరు. నేర్పుమంటే టైం లేదంటరు. ఓసారి మాటల 'గిట్ల' అన్న... మా మేనేజర్ 'గిట్లా?' అని మల్ల అన్నడు. అందరు నవ్విన్రు. గప్పటికాంచి నోరు తెరవాల్నంటే భయం! ఆఖరి మీటింగుల ఒక ప్రశ్న అడిగిండు. నాకు జవాబు తెల్సమ్మా! మంచిగ తెల్సు! నాయిన దగ్గిండని మ్యూట్ పెట్టిన... తియ్యుడు మర్చిపోయిన. పది నిమిషాలు చెప్పినమ్మా, మొత్తం చెప్పిన... ఎవ్వలికి వినబడలే. 'ఈమెకు ఏం రాదు' అని కాల్ పెట్టేసిన్రు. గా జవాబే... రోజు చెప్తున్న. చెప్పకుంటె నిద్ర వడుతలేదు..."

గడప దగ్గర అలికిడైంది. ముత్తయ్య! తువ్వాలు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. "నా దగ్గే బిడ్డా నీ కొలువును మింగింది. నేను నర్సింహులపేట పోయి మా అక్క దగ్గర వడి ఉంట. నువ్వు పైలంగ ఉండు..."

"నీ దగ్గు గాదు, దాని మ్యూటు గాదు!" ఆ ఇంట్లో మూడు నెలలుగా వినబడని గొంతు పుష్పమ్మది. "పేర్లు వారం ముందుగాలనే రాసుకున్నరట! మన ముగ్గురం ఉత్తగనే సస్తున్నం!" వివేక్ చెప్పిందంతా చెప్పేసింది. ముత్తయ్య గడప మీదే కూలబడిపోయాడు. శైలజ పాకుతూ వెళ్లి ఆయన పాదాలు పట్టుకుంది. "ఎంత మాటన్న నాయినా నిన్ను... పశువుల నడుమ పండుకోబెట్టిన గదా!" ఆయన ఆ తలను గుండెకు హత్తుకున్నాడు. "పిచ్చిదానా... నీ మాటలు కొట్టంలకు గూడ మంచిగ వినబడ్డయి" అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

అయినా ఆ పిల్ల కళ్లు మళ్లీ గోడ వైపే తిరిగాయి. చూపులో జీవం లేదు. "అంటే... మ్యూట్ తీసినా ఎవ్వలు ఇనకపోదురు. మరి నా జవాబు?"

కొలువు పోయింది, పోనీ! బిడ్డ ఆ గోడలోనే ఉండిపోతే? పుష్పమ్మ గబగబా వెళ్లి కూతురికీ గోడకూ మధ్య కూర్చుంది.

"నాకు చెప్పు."

"నీకేం తెలుస్తదమ్మా..."

"తెల్వకుంటె అడుగుత. నువ్వు గిట్లనే, మన మాటలనే చెప్పు."

శైలజ తడబడింది. తర్వాత చేతులు కదిలిస్తూ మొదలుపెట్టింది. "ఒక పెద్ద దవాఖాన ఉన్నదనుకో. కంప్యూటర్ల అందరి పేర్లుంటయి. మన ఊర్లె కిరాణం ముత్తయ్య ఉన్నడు, నాయిన గూడ ముత్తయ్యనే గదా? నాయిన రిపోర్టు ఆయనకు పోతది, ఆయనది నాయినకొస్తది. ఒకలి రోగానికి ఇంకొకలికి మందిస్తరు. గట్ల ఎందుకైతుంది, ఎట్ల ఆపాలె... గదే వాళ్లు అడిగింది."

పుష్పమ్మ నుదురు ముడిచి ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"పేరొక్కటే అడిగితె గట్లనే అయితది. తల్లి పేరు గూడ అడగాలె! ముత్తయ్యలు ఇద్దరుంటరు గని, ఇద్దరికి అవ్వ ఒక్కతే ఉంటదా?"

శైలజ కన్నార్పకుండా తల్లి ముఖంలోకి చూసింది. "గదే అమ్మా... నేను చెప్పింది గదే! ఇంకొక పేరు గూడ కలిపి చూడాల్నని... గదే చెప్పిన!"

అంటూనే గొల్లుమంది. మూడు నెలల ఏడుపు! గొంతు పగిలేలా, వీధి చివరి దాకా వినబడేలా ఏడ్చింది. పక్క పెరట్లో సాలమ్మ "అయ్యో, ఏమాయె?" అంటూ పరుగెత్తుకొస్తున్న చప్పుడైంది. ముత్తయ్య కంగారుగా తలుపు వైపు చూశాడు. పుష్పమ్మ కూతురి వీపు నిమురుతూ, తలుపు తెరిచే ఉండనిమ్మని అతనికి చెయ్యి ఊపింది.