జమ్లిని చంపిన రెండో భాగం

"జమ్లిని చంపింది లారీ కాదు. కథ రాసిన మీరిద్దరు చంపిండ్రు."

తడిసిన గొడుగును గుమ్మంలోనే పడేసి చాంది అన్న మొదటి మాట ఇది. ఖమ్మంలో బషీర్ టైలర్ షాపు పైగది కిరాయికి తీసుకొని కోటేష్, సతీష్ ఫోన్ గేములు తయారుచేస్తారు. చాంది ముఖం చూడగానే సతీష్ చాయ్ తెస్తానని మెట్లు దిగాడు. మళ్లీ పైకి రాలేదు.

"జమ్లి దారి" గేము మొదటి భాగం ఈ గదిలోనే పుట్టింది. మందుల సంచి భుజాన వేసుకొని అడవి ఊళ్లకు నడిచే తండా పిల్ల కథ. అందులో దాటే వాగులు, అడ్డదారులు, జమ్లి గొంతు, అన్నీ ములకలపల్లి హాస్టల్లో టీచర్‌గా చేసే చాందివే. వేలమంది ఆడారు. జమ్లి రాయి మీద జారితే తాము జారినట్టు ఉలిక్కిపడ్డారు.

ఇక రెండో భాగం. ఐదో నిమిషంలో జమ్లిని లారీ గుద్దుతుంది. అక్కడి నుంచి మనం ఆ లారీ డ్రైవర్‌గా ఆడాలి! ధైర్యమైన కథ అని సగం మంది మెచ్చుకున్నారు. ఏం ధైర్యం? మనసుపడేలా చేసి చంపడం ఎవడికైనా చేతనవుతుంది. బతికించి, కొత్త కష్టంలోకి నడిపించడానికి కావాలి బుర్ర. అది లేనివాళ్లే జనం గుండెల్లో పెట్టుకున్నదాన్ని తొక్కేసి, మీకు అర్థం కాలేదని ఎదురు దబాయిస్తారు.

చాంది కడుపుమంట ఇంకా పెద్దది. జమ్లి శవం మీద వినిపించేది ఆమె పాటే.

నాలుగు నెలల కింద కోటేష్ ఆమెకు మెసేజ్ పెట్టాడు, పెళ్లి చేసుకుందామా అని. మాటల్లో రాయడానికి సిగ్గేసి ఆమె ఒక పాట పాడి పంపింది. ఆ తర్వాత అతని నుంచి ఉలుకూ పలుకూ లేదు. రోజూ ఫోన్ చూసుకుంది. చివరికి ఈ రెండో భాగం వచ్చింది.

"నీకు నేను వద్దయితే వద్దని చెప్పాలె. నా పాటను పీనుగ మీద కప్పుతవా?"

కోటేష్ బిత్తరపోయాడు. "వద్దన్నది నువ్వే కదా. పెళ్లి అడిగితే ఏడుపు పాట పంపినవ్. చావుకాడి శోకం అనుకున్న. నెల రోజులు అన్నం సయించలే. ఆ కోపంలనే జమ్లిని..."

చాంది అతణ్ణి ఎగాదిగా చూసింది. తండాలో పుట్టిన తండ్రికి కొడుకే. కాకపోతే మధిర రైల్వే క్వార్టర్లలో పెరిగి, పెళ్లంటే బ్యాండు, డీజే అనుకున్నాడు.

"అది ఢావ్లో. మన తండాలల్ల పెళ్లికూతురు పుట్టిల్లు ఇడిచి మొగుని ఇంటికి పోయేటప్పుడు ఏడ్సుకుంట పాడేది. మీ అమ్మ గూడ అదే పాడి వచ్చి ఉంటది. ఒక్క మాట ఆమెను అడిగితే ఏం పోయింది?"

కోటేష్ కుర్చీలోంచి లేచాడు. కింద కుట్టుమిషన్ ఆగి మళ్లీ నడిచింది.

"అంటే, నువ్వు అవ్ అన్నవా?"

"అన్న. అన్నంక నన్ను లారీ కింద ఏసినవ్."

అతని ముఖమంతా నవ్వు పరుచుకోబోయింది. ఆమె ఒక్క చూపుతో దాన్ని ఆపింది. తనకూ నవ్వొస్తోందని కనపడకుండా కిటికీ బయటి వాన వైపు తిరిగింది. ఇప్పుడు కథ మారిస్తే మెచ్చుకున్న సగం మంది తిడతారని అతను గొణిగాడు. తిట్టనీ, తిట్లు తినాల్సిన పనే చేశావని ఆమె తేల్చేసి, సతీష్ కుర్చీ లాక్కొని కూర్చుంది.

"ముందుగాల జమ్లిని లేపు. నా పాటను శవం మీదికెల్లి తీసి ఆమె పెళ్లిల పెట్టు. ఆదివారం మీ అమ్మను తీస్కొని మా తండాకు రా. మా నాయిన లచ్చిరాం ముంగట నోటితోని అడుగు, ఈసారి నేను మాటల్లనే చెప్త. గప్పటిదాక నవ్వకు. కూసో. ఆ లారీకి బ్రేక్ ఎయ్యి."