తినేవారు లేని సరుకు

ఏడింటికి సరుకుల పట్టీ గోడపలక మీద వెలిగింది. బియ్యం, పెసరపప్పు, సబ్బు ఒకటి. చివరి వరుసలో చింతచిగురు, పిడికెడు. తినేవారు: హైమ.

పళ్లు తోముకుంటున్న వకుళ ఆ వరుస చదివి కుళాయి కట్టేసింది. పోయినేడు తనే రాసిన సూత్రం అది. చిగురు కాలం రాగానే హైమ పేరున పట్టీలో చేరాలి. కాలం వచ్చింది. సూత్రం తన పని చేసింది.

ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక పుట ఉంటుంది. హైమ పుటలో స్థితి ‘ఊరెళ్లింది’ అని ఉంది. చెల్లెలు సముద్రపు కట్ట పనికి బయలుదేరిన రోజున రాసిన మాట. ఆ రోజుకు అది నిజమే. ఆరోనాడు కట్ట తెగిందని కబురు వచ్చింది. వకుళ ఆ మాట మార్చలేదు. ఊరెళ్లినవాళ్ల పుట తొంభై రోజులే తెరిచి ఉంటుంది. ఇవాళ తొంభయ్యోది. సాయంత్రం నాలుగింటి సరిచూపులో పుట మూతపడుతుంది, హైమ అందులో రాసుకున్నవన్నీ దానితోపాటే కనపడకుండా పోతాయి. చింతచిగురు కింద ఆమె వాక్యం ఇంకా ఉంది: ‘పుల్లలు నువ్వు తియ్యకక్కా, సగం వదిలేస్తావు. నేనొచ్చి తీస్తాను.’

తొమ్మిదింటికి ఆరో వార్డు పట్టీగదిలో కూర్చుంది. మూడువందల నలభై ఇళ్ల పట్టీలు ఆమె చేతి మీదుగా వెళతాయి. పట్టీని ఎవరూ కూర్చుని రాయరు. మనుషుల పుటల్లోంచి ఎవరేం తింటారో, అలమర పుటలోంచి ఏం తగ్గిందో తీసుకుని రోజూ తనంతట తానే తయారవుతుంది. డిపో దాని ప్రకారమే సరుకు పంపుతుంది. వేరే కొట్లు లేవు. ఎక్కడైనా పొసగకపోతే సర్దడం వకుళ పని. తినేవారు లేని సరుకు మాత్రం పట్టీలో ఉండకూడదు. ఆ నియమాన్ని ఎవరూ సర్దలేరు.

ఆమె కళ్లు పని మీద కంటే గడియారం మీదే ఎక్కువ ఉన్నాయి. పదకొండింటికి మాటపెట్టె మోగింది. జాలరి వీధి అప్పలనరసమ్మ.

“అమ్మా, రేపు మా ఆయన పదోరోజు. పట్టీలో మెత్తళ్లు రానేదు.”

“ఆయన పుట మూసేశారు కదండీ. ఇంట్లో ఎండుచేప తినేవారు ఇంకెవరూ లేరు.”

“నా పేరున ఎయ్యి.”

“మీకు ఉప్పుచేప పడదని డాక్టరు రాశారు. మీ పుట ఒప్పుకోదు.”

“నాను తింతానన్నానేటి? కాకి తింతాది.”

“కాకికి పుట లేదండి.”

“నేకపోతే ఎయ్యి. నీ పనదే గదా. మెత్తళ్లు నేకుండా ఆయన బతికున్నప్పుడే కంచం ముట్టినోడు కాదు. ఇప్పుడు కాకై ముడతాడేటి? ఎండలో నన్నెంతసేపు నిలబెడతాడో నీకేటి తెలుసు.”

అప్పలనరసమ్మ పెట్టేసింది. వకుళ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు. మూడింటికి కొత్త పుట తెరిచి, పేరు గడిలో ‘కాకి’ అని రాసింది. ఏం తింటుంది అన్న గడిలో సరుకు పేరు రాయకుండా సూత్రం రాసింది: ఆ ఇంట్లో చనిపోయినవారి పుటలో ఉన్నది. ఒక పుట మీద ఇంకోటి ఆధారపడితే మొదటిది మూసి ఉండడానికి వీల్లేదు. అది పాత నియమం, ఎవరూ కొట్టెయ్యలేదు. అప్పలనరసమ్మ ఇంటికి కలిపి చూసింది. ఆమె భర్త పుట తెరుచుకుంది. మెత్తళ్లు, వంద గ్రాములు. తినేవారు: కాకి.

టైము మూడూ నలభై. వకుళ తన ఇంటికి కలిపింది. ఏమీ కాలేదు. మళ్లీ కలిపింది. తప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. ఊరెళ్లినవాళ్ల పుటను కాకి ముట్టదు.

‘ఊరెళ్లింది’ అన్న మాటలో అక్షరాలు ఒక్కొక్కటే చెరిపింది. గడి ఖాళీ అయింది. మూడూ యాభై మూడు అయ్యేదాకా దాన్ని చూస్తూ కూర్చుంది. తరువాత రాసింది: ‘చనిపోయింది.’

చింతచిగురు పక్కన కాకి చేరింది.

భద్రపరిచే ముందు పలక ఎప్పటిలాగే అడిగింది: ఈ రెండిళ్లకేనా, వార్డు మొత్తానికా? రెండిళ్లకే అంటే ఎవరి కంటా పడదు. వకుళ ‘వార్డు’ నొక్కింది.

నాలుగూ పదికి డిపో నుంచి కోదండం మాట్లాడాడు. సరుకు కట్టించేది అతనే.

“ఏంటమ్మా ఇది, పట్టీలు పెరుగుతూనే ఉన్నాయి. నూట పన్నెండు ఇళ్లలో మూసిన పుటలు లేచాయి. ఒకాయనకి జర్దా, ఒకామెకి తాటి తాండ్ర. అందరికీ తినేది కాకేనంట. ఒకటే కాకా, ఇంటికొకటా?”

“అది రాసే గడి లేదు కోదండం గారూ. సరిచూపు ఏమంటోంది?”

“ఏమంటుంది? సరుకుంది, తినేవారున్నారు, పంపమంటోంది. రేపటికి డిపో ఖాళీ అవుతుంది. పైవాళ్లు ఊరుకోరు.”

“నా పేరు చెప్పండి.”

అతను వెంటనే పెట్టెయ్యలేదు.

“మా నాన్న పుట కూడా లేచిందమ్మా. బెల్లం జీళ్లు. నేను మర్చేపోయాను. పంపనా?”

“పంపండి.”

వకుళ తన ఇంటి పట్టీ తెరిచింది. చింతచిగురు, పిడికెడు. కింద హైమ వాక్యం అలాగే ఉంది. దాని కింద జవాబు గడి మూడు నెలలుగా ఖాళీగా ఉంది.

‘ఒక్క పుల్ల లేకుండా తీస్తాను’ అని రాసింది.